నీళ్ల ముల్లు అందరూ చూస్తారు, ఆయిలు వేడి ఎవరు చూస్తారు?

వార్షికోత్సవ సంచికకు మీ బ్యాచ్ తరఫున ఏదైనా రాసివ్వండన్నా అని హాస్టల్ తమ్ముళ్లు అడిగారు. కవితలు, వార్డెన్ గారి జ్ఞాపకాలు, మొదటి రోజు ట్రంకు పెట్టె మోసుకొచ్చిన సంగతులు మిగతావాళ్లు ఎలాగూ రాస్తారు. మేము మాకు చేతనైన పని గురించే రాద్దామనుకున్నాం. మేమంతా పదో తరగతి అయ్యాక ఐటిఐలో డీజిల్ మెకానిక్, మోటార్ మెకానిక్ ట్రేడులు చేసినవాళ్లం. ఇప్పుడు కొందరం మదనపల్లె, పుంగనూరు షెడ్లలో ఉన్నాం. కొందరం కుప్పం వైపు గ్రానైట్ క్వారీ బండ్లు చూస్తున్నాం. ఒకరిద్దరం బెంగళూరులో ఖరీదైన కార్లు వచ్చే వర్క్‌షాపులో చేతులు మసి చేసుకుంటున్నాం.

మేము ఎంచుకున్న విషయం ఇంజను ఆయిలు వేడి. ఇదేం సబ్జెక్టు అని నవ్వకండి. మన హాస్టల్లో చదివిపోయిన అన్నల్లో డ్రైవర్లు ఎంతమందో, ఫైనాన్సులో టమోటా పికప్ తీసుకున్నవాళ్లు ఎంతమందో ఒకసారి లెక్కేసి చూడండి. అలాంటి ఇంట్లో ఇంజను పట్టేసిందంటే బండి ఒక్కటే ఆగదు. చెల్లెలి కాలేజీ ఫీజు ఆగుతుంది, కిస్తీ ఆగుతుంది, మూడో నెల ఫైనాన్సువాళ్లు ఇంటిముందుకొస్తారు. మాకు తెలిసిన ఒక అన్న పికప్ ఎండాకాలంలో ఘాటు ఎక్కుతూ పట్టేసింది. షెడ్డుకు లాక్కొచ్చి విప్పితే క్రాంకు బేరింగు మెటల్ తినేసి ఉంది. ఆయన అడిగిన మాట ఒక్కటే: "మీటర్లో ముల్లు సగంలోనే ఉండె గదన్నా, ఇంజను ఎట్ల పట్టేసె?"

ఆయన చెప్పింది నిజమే. ముల్లు సగంలోనే ఉండింది. అయితే ఆ ముల్లు చూపించేది నీళ్ల వేడిని. ఆయిలు వేడిని చూపించే మీటరు ఆ బండిలో లేనే లేదు. మన లారీల్లో, పికప్పుల్లో, మామూలు కార్లలో చాలావాటికి ఉండదు కూడా. అదే ఆదివారం పూట బెంగళూరు నుంచి హార్సిలీ హిల్స్‌కు వచ్చే స్పోర్ట్స్ కార్ల లోపలికి తొంగి చూడండి. నేలకు తాకుతున్నట్టు పల్లంగా ఉండి, గుర్రుమని శబ్దం చేసే కార్లు. వాటిలో చాలావాటిల్లో నీళ్లకొక మీటరు, ఆయిలుకొక మీటరు వేరువేరుగా ఉంటాయి. అంత డబ్బు పెట్టి కారు తయారు చేసేవాడు ఆయిలు వేడికి విడిగా మీటరు ఎందుకు పెట్టాడో అర్థం చేసుకుంటే, మన టమోటా బండి ఎందుకు పట్టేసిందో కూడా అర్థమవుతుంది.

ఇంజనులో కాలిన ఇంధనం నుంచి వచ్చే శక్తిలో సుమారు మూడో వంతే చక్రాలను తిప్పే పనికి వస్తుంది. దాదాపు ఇంకో మూడో వంతు పొగతోపాటు సైలెన్సర్ గుండా పోతుంది. మిగిలినదంతా ఇంజను లోహానికి ఎక్కే వేడి. దాన్ని తీసుకుపోవడానికి నీళ్లున్నాయి కదా అంటారు. కానీ నీళ్లు తిరిగేది సిలిండరు చుట్టూ, హెడ్డు లోపల చేసిన దారుల్లోనే. పిస్టను అడుగుభాగానికి నీళ్లు పోలేవు. క్రాంకు బేరింగులకు పోలేవు. క్యామ్ షాఫ్టుకు పోలేవు. అక్కడికంతా పోయేది ఆయిలే. చాలా డీజిల్ ఇంజన్లలో పిస్టను అడుక్కు ఆయిలు చిమ్మడానికి చిన్న పిచికారీ గొట్టాలే ఉంటాయి. అంటే ఆయిలు చేసే పని జారుడు ఒక్కటే కాదు, అది ఇంజనుకు రెండో రేడియేటర్ నీళ్లలాంటిది. ఈ మాట పుస్తకంలో చదువుకునేటప్పుడు మాకు కూడా తలకెక్కలేదు. షెడ్డులో పిస్టను చేత్తో పట్టుకుని అడుగున ఆయిలు మాడిన మచ్చ చూసిన రోజు అర్థమైంది.

నీళ్లకూ ఆయిలుకూ ఇంకో తేడా ఉంది. నీళ్ల దారిలో థర్మోస్టాట్ వాల్వు ఉంటుంది. 80 పైచిలుకు డిగ్రీల దగ్గర తెరుచుకుని, నీళ్లను రేడియేటర్‌కు వదిలి, వేడిని దాదాపు ఒకేచోట నిలబెడుతుంది. అందుకే నీళ్ల ముల్లు మామూలుగా కదలదు. ఆయిలు అలా కాదు. పొద్దున స్టార్ట్ చేస్తే నీళ్లు నాలుగైదు నిమిషాల్లో వేడెక్కుతాయి, ఆయిలుకు అంతకు రెండింతలో ఇంకా ఎక్కువో పడుతుంది. తర్వాత లోడు పెరిగేకొద్దీ, ఆర్‌పీఎం పెరిగేకొద్దీ ఆయిలు వేడి ఎక్కుతూనే పోతుంది. నీళ్లు 90 దగ్గర కూర్చునుంటే, ఆయిలు 100 దాటి, 115 దాటి, 130 దాకా పోవచ్చు. ముల్లు మాత్రం సగంలోనే ఉంటుంది. పాపం డ్రైవరుకు ఎలా తెలుస్తుంది?

ఇంతకీ ఆయిలు ఎంత వేడిగా ఉండాలి? మామూలుగా 90 నుంచి 110 డిగ్రీల మధ్య ఉంటే మంచిది. రేసు ట్రాకు మీద స్పోర్ట్స్ కారులో 120 దాటడం వింత కాదు. 130 దాటి పోతూ ఉంటే మాత్రం కాలు ఎత్తాల్సిందే. ఇక్కడ చాలామంది తమ్ముళ్లు అడిగే ప్రశ్న ఏమంటే, అంత వేడి ఎందుకు, ఆయిలు చల్లగా ఉంటేనే ఇంజనుకు మేలు కదా అని. కాదు. చల్లటి ఆయిలు కూడా ఇంజనుకు శత్రువే.

హాస్టల్ వంటగదిలో పూరీలు వేసే రోజు గుర్తు తెచ్చుకోండి. డబ్బాలో నుంచి బాణలిలోకి వంచేటప్పుడు నూనె చిక్కగా, నెమ్మదిగా జారుతుంది. పొయ్యి మీద కాగాక నీళ్లలా పల్చబడుతుంది. ఇంజను ఆయిలు కూడా అంతే. మన లారీల్లో వాడే 15డబ్ల్యూ-40 ఆయిలును తీసుకోండి. చిక్కదనాన్ని కొలిచే కొలమానం పేరు సెంటీస్టోక్. 40 డిగ్రీల దగ్గర ఈ ఆయిలు చిక్కదనం సుమారు 110 సెంటీస్టోక్‌లు ఉంటుంది. 100 డిగ్రీలకు వచ్చేసరికి 14, 15కు పడిపోతుంది. 130కి పోతే అందులో సగానికి దిగుతుంది. డబ్బా మీద ఉన్న ఆ 40 అనే అంకెకు అర్థం కూడా ఇదే. 100 డిగ్రీల దగ్గర చిక్కదనం 12.5 నుంచి 16.3 లోపల ఉండాలని. ముందున్న 15డబ్ల్యూ చలిలో అది ఎంత సులువుగా కదలాలో చెబుతుంది. డబ్ల్యూ అంటే వింటర్, చలికాలం. షెడ్డుకు వచ్చే చాలామంది ఆ 40ని డిగ్రీలనుకుంటారు, అందుకని రాస్తున్నాం.

క్రాంకు షాఫ్టుకూ బేరింగుకూ మధ్య ఉండే ఆయిలు పొర మందం కొద్ది మైక్రాన్లే. మన తల వెంట్రుక మందం 70 మైక్రాన్ల చుట్టుపక్కల ఉంటుంది. వెంట్రుకలో పదో వంతు మందంలేని పొర మీద లారీ ఇంజను బరువంతా తేలుతూ తిరుగుతుంది. క్రాంకు తిరుగుతున్నంత సేపు అదే ఆయిలును తన కిందికి లాక్కుని ఆ పొరను నిలబెట్టుకుంటుంది. ఆయిలు మరీ పల్చబడితే పొర తెగుతుంది. ఇనుము మెటల్‌ను తాకుతుంది. ఆ తాకిడికి ఇంకా వేడి పుడుతుంది, ఆ వేడికి ఆయిలు ఇంకా పల్చబడుతుంది. ఇక ఆపడం ఎవరి తరం కాదు. ఆ అన్న బండిలో జరిగింది అదే.

పూరీల బాణలి ఇంకో పాఠం కూడా చెబుతుంది. ఒకే నూనెను మళ్లీ మళ్లీ కాచితే నల్లబడి, జిగటగా మారి, కంపు కొడుతుంది. గాలిలోని ఆక్సిజన్ వేడి నూనెతో కలవడం వల్ల అలా అవుతుంది. ఇంజను ఆయిలు విషయంలో మెకానిక్కులు ఒక ఉజ్జాయింపు లెక్క చెప్పుకుంటారు. వేడి 10 డిగ్రీలు పెరిగితే ఆయిలు చెడిపోయే వేగం దాదాపు రెట్టింపు అవుతుందని. 100 డిగ్రీల దగ్గర తిరిగే బండికీ, రోజూ 120 దగ్గర తిరిగే బండికీ ఒకే కిలోమీటర్లకు ఆయిలు మారుస్తామంటే కుదరదు. మీటరు మీద కిలోమీటర్లు చూసి ఆయిలు మార్చడం చదునైన రోడ్ల వాళ్ల లెక్క.

ఇక చల్లదనం సంగతి. మదనపల్లె సముద్ర మట్టానికి సుమారు 700 మీటర్ల ఎత్తులో ఉంది. డిసెంబరు, జనవరి తెల్లవారుజామున 15 డిగ్రీల కిందికి దిగుతుంది. ఆ వేళలోనే ఊళ్లలోంచి టమోటా క్రేట్లు ఎక్కించుకుని మార్కెట్‌కు బండ్లు బయలుదేరతాయి. స్టార్ట్ చేసీ చేయగానే ఫుల్లు లోడుతో తొక్కుతారు. పది కిలోమీటర్లు పోయి ఆపేస్తారు. ఆయిలు ఇంకా సరిగ్గా వేడెక్కనే లేదు. ఇంధనం కాలినప్పుడు పుట్టే నీటి ఆవిరి కొంత పిస్టను పక్కలనుంచి దిగి ఆయిలులో కలుస్తుంది. ఆయిలు బాగా కాగితే ఆ తేమ ఆవిరైపోతుంది. కాగకపోతే అందులోనే ఉండిపోయి, ఆయిలు పోసే మూత కింద వెన్నలాంటి తెల్లటి నురగ కడుతుంది. అది చూసి హెడ్ గ్యాస్కెట్ పోయిందని హడావుడిగా ఇంజను విప్పించుకున్నవాళ్లున్నారు. ముందు బండిని ఒక గంట మంచి రోడ్డు మీద తిప్పి చూడండి. నురగ పోతే అది చలి నురగే. రేడియేటర్ నీళ్లు తగ్గుతూ, ఆయిలు కాఫీ రంగుకు తిరిగితే అప్పుడు గ్యాస్కెట్టో, ఆయిల్ కూలరో చూడాలి.

ఈ చల్లటి ఆయిలు సంగతిని స్పోర్ట్స్ కార్ల వాళ్లు ఎంత గట్టిగా పట్టించుకుంటారో చెబితే ఆశ్చర్యపోతారు. బీఎండబ్ల్యూ కంపెనీ 2000లో తెచ్చిన ఎం3 కారులో ఆర్‌పీఎం మీటరు అంచున నారింజ రంగు చిన్న లైట్లు వరసగా ఉంటాయి. ఇంజను చల్లగా ఉంటే తక్కువ ఆర్‌పీఎం దగ్గర నుంచే వెలుగుతాయి, ఇంతకు మించి తొక్కకు అని. ఆయిలు కాగేకొద్దీ ఒక్కొక్కటే ఆరిపోతూ పోతాయి. ఫార్ములా వన్ కార్లయితే ఇంకా విచిత్రం. చల్లటి ఇంజనును స్టార్ట్ చేయనే కూడదు. లోపల భాగాలు అంత బిగుతుగా అమర్చి ఉంటాయి కాబట్టి, బయటి యంత్రంతో నీళ్లూ ఆయిలూ ముందే కాచి ఇంజనులో తిప్పి, తర్వాతే స్టార్ట్ చేస్తారు. మన దేశంలో గ్రేటర్ నోయిడాలో 2011 నుంచి 2013 వరకు మూడేళ్లు ఫార్ములా వన్ రేసులు జరిగినప్పుడు అక్కడ కూడా ఇదే పద్ధతి.

మన దగ్గర అన్ని యంత్రాలు అక్కర్లేదు. స్టార్ట్ చేశాక అర నిమిషమో, చలి ఎక్కువుంటే ఒక నిమిషమో ఆగి, మొదటి పది నిమిషాలు మెత్తగా నడిపితే చాలు. నిలబెట్టి పావుగంట ఐడిల్‌లో వేడి చేయడం దండగ. ఐడిల్‌లో ఆయిలు త్వరగా వేడెక్కదు, డీజిల్ మాత్రం కాలుతుంది.

ఘాటు లెక్క, ట్రాకు లెక్క

పాలమనేరు దాటి చిత్తూరు వైపు పోతే మొగిలి ఘాటు. పీలేరు దాటి తిరుపతి వైపు పోతే భాకరాపేట ఘాటు. మన ఊళ్లు పైన ఉన్నాయి, చెన్నై, తిరుపతి కింద ఉన్నాయి. టమోటా దిగుతుంది, సిమెంటు, ఎరువులు, ఇనుము ఎక్కుతాయి. కాబట్టి దిగేటప్పుడు బ్రేకుల పరీక్ష, ఎక్కేటప్పుడు ఆయిలు పరీక్ష.

పదో తరగతి ఫిజిక్సుతోనే లెక్క వేద్దాం. మొత్తం 16 టన్నుల బరువున్న లారీ, వంద మీటర్లకు 6 మీటర్లు లేచే ఎత్తు మీద, గంటకు 20 కిలోమీటర్ల వేగంతో ఎక్కుతోందనుకోండి. బరువును పైకెత్తడానికి మాత్రమే సుమారు 52 కిలోవాట్లు, అంటే దాదాపు 70 హార్స్ పవర్ కావాలి. అదే లారీ అదే వేగంతో చదును రోడ్డు మీద పోతే పదికి అటూఇటూ హార్స్ పవర్ సరిపోతుంది. పని ఎన్నో రెట్లు పెరిగింది, కాలే డీజిల్ పెరిగింది, వేడి పెరిగింది. ఎదురుగాలి మాత్రం 20 కిలోమీటర్ల వేగానికి వచ్చేదే. రేడియేటర్ ఫ్యాను ఒక్కటే దిక్కు.

ట్రాకు మీద స్పోర్ట్స్ కారుది దీనికి పూర్తిగా తిరగబడిన కథ. చెన్నై దగ్గర ఇరుంగాట్టుకోట్టై ట్రాకు మన మదనపల్లెకు మరీ దూరం కాదు, చూడాలనుకున్నవాళ్లు చూడొచ్చు. అక్కడ కారుకు గాలికేం కొదవలేదు, రివ్వున కొడుతుంది. కానీ ఇంజను ఏడెనిమిది వేల ఆర్‌పీఎం దగ్గర తిరుగుతుంది. బేరింగుల్లో ఆయిలు పొర నలిగినప్పుడు పుట్టే వేడి ఆర్‌పీఎంకు వర్గంలో పెరుగుతుంది. ఆర్‌పీఎం రెట్టింపయితే ఆ వేడి దాదాపు నాలుగింతలవుతుందన్నమాట. లారీలో ఆయిలును ఎక్కువగా కాచేది లోడు. స్పోర్ట్స్ కారులో కాచేది లోడుతోపాటు ఆర్‌పీఎం.

అందుకే జబ్బు ఒకటే అయినా మందులు వేరు. ట్రాకు మీద ఆయిలు 130 వైపు పోతుంటే డ్రైవరు ఒక గేరు పైకి వేసి, ఆర్‌పీఎం దించి, ఒకటి రెండు రౌండ్లు మెల్లగా తిరుగుతాడు. ఘాటులో లారీ డ్రైవరు అలా చేయకూడదు. పై గేరులో ఇంజనును గునుగుతూ లాగిస్తే ఒక్కో పేలుడుకు పిస్టను మీద పడే వేడి ఎక్కువవుతుంది. ఆయిల్ పంపు, నీళ్ల పంపు, చాలా బండ్లలో ఫ్యాను కూడా ఇంజను తోనే తిరుగుతాయి కాబట్టి అవి మందగిస్తాయి. బేరింగు పొర కూడా పల్చబడుతుంది. ఒక గేరు కిందికి దించి, ఇంజనును సులువుగా తిరగనిస్తూ ఎక్కించడమే మేలు. "కింద గేరులో ఆర్‌పీఎం ఎక్కువ, ఇంజనుకు దెబ్బ" అని కొందరు సీనియర్ డ్రైవర్లు కూడా అంటారు. వారి అనుభవం మీద మాకు గౌరవం ఉంది గానీ, ఈ ఒక్క విషయంలో మేము ఒప్పుకోం. ఆదివారం చౌడేపల్లె దగ్గర బోయకొండ గంగమ్మ కొండెక్కే వ్యాన్లను గమనించండి. జనాన్ని కిక్కిరిసి ఎక్కించుకుని, రెండో గేరులో గుడగుడలాడుతూ ఎక్కే బండి, మొదటి గేరులో హాయిగా ఎక్కే బండి, రెండూ కనిపిస్తాయి. మొదటి రకం బండి మా షెడ్డుకు ముందొస్తుంది.

కుప్పం క్వారీల్లో ఈ బాధ ఇంకా ఎక్కువ. ఒక ఘనపు మీటరు గ్రానైట్ దిమ్మె సుమారు 2.7 టన్నులు తూగుతుంది. అలాంటి దిమ్మెలతో గుంతలోంచి బండి పాకుతూ పైకి రావాలి, పైగా రాతిపొడి రేడియేటర్ సందుల్లో కూరుకుపోతుంది. మదనపల్లె చుట్టూ బోర్లు వేసే రిగ్గుల సంగతయితే చెప్పనే అక్కర్లేదు. నీళ్ల కోసం వెయ్యి అడుగులు దాటి దిగుతున్న చోట రిగ్గు కంప్రెసర్ ఇంజను రాత్రంతా ఒకేచోట నిలబడి ఫుల్లు లోడు మీద తిరుగుతుంది. బండి కదలదు కాబట్టి ఎదురుగాలి అనేదే లేదు. రైతు బోరు గుంత దగ్గర నీళ్లు పడతాయా లేదా అని చూస్తుంటే, రిగ్గు మెకానిక్ ఆయిలు వేడి మీటరు చూస్తుంటాడు. ఇద్దరికీ ఆ రాత్రి నిద్ర లేదు.

ఆయిలునే నమ్ముకున్న కారు

పోర్షే 911 అనే జర్మనీ స్పోర్ట్స్ కారు 1960లలో మొదలైంది. 1998 దాకా దాని ఇంజనుకు నీళ్ల రేడియేటర్ అనేదే లేదు. పెద్ద ఫ్యాను గాలి, ఆయిలు, ఈ రెండింటితోనే చల్లబడేది. అందుకని మామూలు కారులో నాలుగైదు లీటర్లు పోసే చోట, దానిలో పది లీటర్ల చుట్టుపక్కల ఆయిలు పట్టేది. ఆ ఆయిలు ఇంజను కింద చాంబరులో ఉండదు, పక్కన వేరే ట్యాంకులో ఉంటుంది. ఒక పంపు ఇంజను అడుగు నుంచి లాగి ట్యాంకుకు పంపుతుంది, ఇంకొకటి ట్యాంకు నుంచి బేరింగులకు పంపుతుంది. దీన్ని డ్రై సంపు అంటారు. వేగంగా మలుపు తిరిగినప్పుడు చాంబరులో ఆయిలు ఒక పక్కకు ఒరిగి, పంపు గాలి పీల్చే ప్రమాదం దీనిలో ఉండదు. ఆ కారులో డిప్‌స్టిక్ చూడాలంటే ఇంజను వేడెక్కి, ఐడిల్‌లో తిరుగుతుండగానే చూడాలి. మన లారీలకు దీనికి వ్యతిరేకం. చదునైన చోట ఆపి, ఐదు నిమిషాలు ఆయిలు కిందికి దిగనిచ్చి చూడాలి. బెంగళూరు వర్క్‌షాపులో కొత్తగా చేరిన కుర్రాళ్లకు ఈ తేడా మొదటి రోజే చెబుతారు.

2005లో వచ్చిన బుగాటి వేరాన్ కారుకు రేడియేటర్లే పది. నీళ్లకు, ఆయిళ్లకు, టర్బో గాలికి, ఏసీకి విడివిడిగా. మనకు అంత వద్దు, ఉన్న ఒక్కదాన్నీ శుభ్రంగా ఉంచుకుంటే చాలు. పెద్ద డీజిల్ ఇంజన్లకు ఆయిల్ కూలర్ ఇంజను పక్కనే ఉంటుంది. దానిలో ఒక పక్క ఆయిలు, ఒక పక్క నీళ్లు పోతూ వేడి మార్చుకుంటాయి. చల్లటి పొద్దున నీళ్లే ఆయిలును వేడి చేస్తాయి, ఘాటులో నీళ్లే చల్లబరుస్తాయి. ఎంత తెలివైన ఏర్పాటో చూడండి. అయితే రేడియేటర్‌లో బోరు నీళ్లు పోసీ పోసీ సున్నం పేరుకుంటే, ఈ కూలర్ లోపల కూడా పేరుకుంటుంది. నీళ్ల ముల్లు ఇంకా సగంలోనే ఉండగా ఆయిలు మాత్రం కాగుతుంది. మన ప్రాంతపు బోరు నీళ్లలో ఉప్పు ఎంతుందో బకెట్లకు కట్టే తెల్లటి పొర చూస్తేనే తెలుస్తుంది. కూలెంటు ఖర్చుకు వెనకాడి బోరు నీళ్లు పోసేవాళ్లందరికీ ఇది చెప్పండి.

దీనికంటే పెద్ద తప్పు ఇంకొకటి మన షెడ్లలోనే జరుగుతోంది. బండి వేడెక్కుతోందని తెస్తే, కారణం వెతకకుండా థర్మోస్టాట్ వాల్వు పీకి పారేయడం. అప్పటికి ముల్లు దిగుతుంది, ఓనరు సంతోషిస్తాడు. తర్వాత చలికాలమంతా ఇంజను చల్లగా తిరుగుతుంది. ఆయిలు కాగదు, తేమ పోదు, డీజిల్ ఎక్కువ తాగుతుంది, సిలిండర్లు అరుగుతాయి. వాల్వు ధర ఎంత, బోరింగు పని ఖర్చెంత? స్పోర్ట్స్ కార్లకు పెద్ద ఆయిల్ కూలర్ బిగించేవాళ్లు కూడా దానికొక థర్మోస్టాట్ తప్పకుండా పెడతారు, లేకపోతే మామూలు రోడ్డు మీద ఆయిలు 90కి కూడా చేరదు.

టర్బో ఉన్న బండ్లకు ఇంకో జాగ్రత్త కావాలి. టర్బో చక్రం నిమిషానికి లక్ష చుట్లు దాటి తిరుగుతుంది. దాని ఒక పక్క 600, 700 డిగ్రీల పొగ. మధ్యలో ఉన్న బేరింగుకు దిక్కు ఇంజను నుంచి వచ్చే ఆయిలే. ఘాటెక్కిన ఊపులోనే టీ కొట్టు ముందు బండి నిలిపి తాళం తిప్పేస్తే పంపు ఆగుతుంది, బేరింగులో నిలిచిపోయిన ఆయిలు అక్కడే మాడి గట్టి మసి అవుతుంది. అందుకే రేసు కార్లు చివరి రౌండు మెల్లగా తిరిగి వస్తాయి. మన లారీ రెండు మూడు నిమిషాలు ఐడిల్‌లో ఉంటే సరిపోతుంది. డీజిల్ మిగులుతుందని ఘాటు దిగేటప్పుడు ఇంజను ఆపేసి దిగేవాళ్లు ఇంకా ఉన్నారు. టర్బో సంగతి దేవుడెరుగు, బ్రేకులకు గాలి కూడా అందదు. ఇప్పటి ఇంజన్లు గేరులో ఉండి కాలు తీస్తే డీజిల్ చిమ్మడం వాటంతటవే ఆపేస్తాయి. ఇంజను ఆపి సంపాదించేదేమీ లేదు, ప్రాణం పోవచ్చు.

ఆయిలు కొనేటప్పుడు ఖరీదైనదే మంచిదనుకోకండి. ఆ ఎం3 కారుకు 10డబ్ల్యూ-60 ఆయిలు పోస్తారు. ఆ మాట విని ఒకాయన తన పికప్‌కు అదే తెమ్మన్నాడు. ట్రాకు మీద కాగే ఇంజనుకు చిక్కటి ఆయిలు అవసరం, పొద్దున చల్లగా బయలుదేరే పికప్‌కు అదే ఆయిలు భారం. బండి పుస్తకంలో ఏది రాస్తే అదే. డబ్బా మీద సి అక్షరంతో మొదలయ్యే గ్రేడు డీజిల్‌ది, ఎస్‌తో మొదలయ్యేది పెట్రోలుది. 2020 ఏప్రిల్ 1 నుంచి వచ్చిన బీఎస్-6 డీజిల్ బండ్లలో మసిని పట్టే ఫిల్టరు ఉన్నవాటికి బూడిద తక్కువుండే ఆయిలే పోయాలి, పాత లారీ ఆయిలు పోస్తే ఆ ఫిల్టరు పూడిపోతుంది. వాటిలో ఇంకో వింత. దగ్గర దూరాలే తిరుగుతుంటే ఫిల్టరు కాలడానికి చిమ్మిన డీజిల్ కొంత ఆయిలులో కలిసి డిప్‌స్టిక్ మీద మట్టం పెరుగుతుంది. ఆయిలు తగ్గలేదు, పెరిగింది అని సంబరపడకండి. పల్చబడిన ఆయిలు అది, వెంటనే మార్చాలి.

లెవెల్ తక్కువుంటే ఉన్న కొంచెం ఆయిలే వేడంతా మోయాలి. ఎక్కువ పోస్తే క్రాంకు దాన్ని చిలికి నురగ చేస్తుంది, అదీ వేడెక్కుతుంది. రెండు గీతల మధ్య ఉండటమే పద్ధతి. అల్లావుద్దీన్ దీపంలాంటి ఎర్ర లైటు గురించి ఒక మాట. అది ఆయిలు ప్రెషరుకు సంబంధించింది. వేడి చూపదు, లెవెల్ చూపదు. ఘాటెక్కి ఐడిల్‌లో నిలబెట్టినప్పుడు అది మినుకుమినుకుమంటే, ఆయిలు బాగా పల్చబడిందనో, బేరింగులు అరిగాయనో, పంపు బలహీనపడిందనో అర్థం. కదులుతుండగా వెలిగితే మాత్రం పక్కకు తీసి వెంటనే ఇంజను ఆపాలి, అప్పుడు రెండు నిమిషాల ఐడిల్ మాట పట్టించుకోకూడదు.

మీటరు లేని బండిలో ఆయిలు వేడి తెలుసుకోవాలంటే, షెడ్డుల్లో వాడే లేజరు థర్మామీటరుతో చాంబరు అడుగున చూడొచ్చు. లోపలి ఆయిలు కంటే కొంత తక్కువే చూపిస్తుంది, అది కలుపుకోవాలి. కరోనా సమయంలో నుదుటికి పెట్టి చూసిన థర్మామీటరు ఇంట్లో ఉందని కొందరు తెస్తున్నారు. అది మనిషి జ్వరం వరకే చూపుతుంది, దీనికి పనికిరాదు. కొన్ని కొత్త బండ్లకు స్కానర్ తగిలిస్తే ఆయిలు వేడి అంకెల్లోనే కనిపిస్తుంది.

2023 ఫిబ్రవరి 11న హైదరాబాద్ హుస్సేన్ సాగర్ ఒడ్డున ఎలక్ట్రిక్ కార్ల ఫార్ములా ఈ రేసు జరిగినప్పుడు, ఇక మీ ఆయిలు చదువులకు పనిలేదని మమ్మల్ని ఆటపట్టించారు. ఆ కార్లలో ఇంజను లేదు, ఇంజను ఆయిలూ లేదు, నిజమే. కానీ బ్యాటరీ వేడెక్కకుండా చూసుకోవడం ఆ రేసులో కూడా పెద్ద పనే. మీటరు పేరు మారింది, ముల్లు అలాగే ఉంది.

బైకులున్న తమ్ముళ్లకు చివరిగా. పల్సర్ 220 లాంటి బండికి ఇంజను ముందు చిన్న నిచ్చెన మెట్లలా రెక్కలుండి, రెండు గొట్టాలు తగిలించిన పెట్టె ఉంటుంది. అదే ఆయిల్ కూలర్. వానాకాలంలో ముందు చక్రం చిమ్మిన బురదతో పూడిపోతుంది. ఇంజను చల్లారాక, మెత్తటి బ్రష్షుతో, మామూలు నీళ్ల ధారతో కడగండి. సర్వీస్ స్టేషన్‌లో ప్రెషర్ గన్ దగ్గరగా పెట్టి కొట్టనివ్వకండి, ఆ సన్నటి రెక్కలు వంగిపోతే గాలి దూరదు.